పట్టాదారు, అనుభవదారు

పదకోశంలోని పదాలను డేటా మోడల్‌లోని గడులకు జతచేయడం యంత్రానికి క్షణాల పని. ఎక్సెల్ పట్టికలో ఒకవైపు పదం, మరోవైపు కాలమ్ పేరు. దిగుమతి అంటే అంతే.

ఆంధ్ర ప్రాంతపు అడంగల్‌నూ తెలంగాణ పహాణీనీ ఒకే పదానికి కట్టినా నాకు అభ్యంతరం లేదు. వాటిలోని పట్టాదారు, అనుభవదారు గడులు రెండింటినీ ‘యజమాని’కి కట్టారో, అనుభవదారుగా నమోదైన కౌలురైతు నివేదికలో కనబడడు. గడిలో అతని పేరు చెక్కుచెదరదు, అర్థమే మారిపోతుంది. పంట నష్టపరిహారం ఆ నివేదికను బట్టి పంచితే ఎవరి చేతికందుతుందో ఊహించండి!

1855లో విల్సన్ ప్రచురించిన రెవెన్యూ పదకోశంలో తప్పు దొర్లితే చదివేవాడు సందేహించగలడు. యంత్రం సందేహించదు. కనుక దిగుమతికి ముందే ఆ పట్టికను ఒక రెవెన్యూ ఉద్యోగి చేత చదివించాలంటాను. “ఇందులో సాగు ఎవరిదండీ?” అని ఆయనే అడుగుతాడు.