రాజకుమారి ఉన్నచోటు

2020 జనవరి 12, ఆదివారం

చెన్నై పాండీ బజార్‌లో కొత్తగా వేసిన వెడల్పాటి కాలిబాట మీద వదినా నేనూ చాలాసేపు కూచున్నాం. మొన్న నవంబరులో తెరిచారు. మా మోకాళ్లకి మేలే చేశారు. ఒకప్పుడు రాజకుమారి థియేటర్ ఉన్నచోట ఇప్పుడు అంగళ్ల భవనం. "ఇల్లెక్కడంటే రాజకుమారి దగ్గర అనేవాళ్లం గదమ్మా!" అంది వదిన. అక్కడి కాపలా అబ్బాయిని అడిగితే, "థియేటరా? ఇక్కడా?" అని మమ్మల్నే అడిగాడు.

జనవరి 14, మంగళవారం, భోగి

మధ్యాహ్నం 'చంద్రలేఖ' పెట్టుకుని చూశాం. 1948లో జెమినీ వాసన్ తీసింది. చివర్లో ఆ నగారాల నాట్యం! మనిషి పట్టేంత నగారాల మీద ఆడపిల్లలు చిందేస్తుంటారు. ఉన్నట్టుండి వాటిలోంచి కత్తులు దూసి సైనికులు బయటికి దూకుతారు. ఈ సందడంతా నడిపే చంద్రలేఖే మన థియేటర్ ఆసామి, టి.ఆర్. రాజకుమారి.

తంజావూరు సంగీతకారుల ఇంటి పిల్ల. అమ్మమ్మ కుజలాంబాళ్ పేరున్న గాయని. 1944లో ఆమె నటించిన 'హరిదాస్' మద్రాసు బ్రాడ్‌వే థియేటర్లో మూడు దీపావళులు చూసింది. అందులో హీరో త్యాగరాజ భాగవతార్ ఆ ఏడే హత్యకేసులో అరెస్టయి జైలుకెళ్లాడు. నిర్దోషిగా బయటికొచ్చినా మళ్లీ నిలదొక్కుకోలేక 1959లో పోయాడు. ఈవిడ మాత్రం సంపాదన ఇటుకల్లో పెట్టింది. దక్షిణాదిలో సొంత థియేటర్ కట్టుకున్న మొదటి నటి అంటారు. దానికి దేవుడి పేరో, తండ్రి పేరో కాదు, తన పేరే పెట్టుకుంది. నాకు నచ్చింది ఆ ధీమాయే.

జనవరి 16, గురువారం

పాండీ బజార్ ఉన్న ఈ పేట, టి. నగర్, 1920లలో చెరువు పూడ్చి వేసిన శివారు. పేరు మన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టిది. పార్కు పనగల్ రాజాది, ఆయనా మనవాడే. బజారేమో సౌందర పాండ్యన్ నాడార్‌ది. అందరూ జస్టిస్ పార్టీ పెద్దలే. బజుల్లా, హబీబుల్లా అని రోడ్లు కూడా మగవాళ్ల పేర్లే. వాళ్ల పేర్లు సర్కారు పెట్టింది గనుక నిలిచాయి. రాజకుమారి సొంత డబ్బుతో పెట్టుకున్న పేరు గోడలతోపాటే కూలింది. ఇది అన్యాయమే.

ఇంత బాట వేసినవాళ్లు దాని అంచున ఒక పలక పెట్టలేరా? "ఇక్కడ రాజకుమారి థియేటర్ ఉండేది, కట్టింది టి.ఆర్. రాజకుమారి" అంటే చాలు. కార్పొరేషన్‌కి ఉత్తరం రాస్తున్నాను. తమిళం వదిన దిద్దుతుంది.