సింధనూరు క్యాంపులో టైర్ల పంచాయితీ

రాయచూరు పేరు చెప్పగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది మద్రాసు-బొంబాయి రైలు దారిలో ఓ స్టేషను, మండే ఎండ, అంతే. నాకు మాత్రం ఆ జిల్లా ఉద్యోగ జీవితంలో తొలి బడి. 1998లో మా బ్యాంకు వారు నన్ను సింధనూరు తాలూకాలోని ఒక శాఖకు వ్యవసాయ రుణాలు చూడమని పంపారు. నేను చదివింది బి.కాం. జమాఖర్చులు తెలుసు. ట్రాక్టరు సంగతికొస్తే ముందు చక్రాలు చిన్నవి, వెనక చక్రాలు పెద్దవి అన్నంతవరకే తెలుసు!

ఇన్నేళ్ళ తరువాత కిందటి డిసెంబరులో శ్రీమతితో కలిసి మళ్ళీ ఆ దారి పట్టాను. రాయచూరులో దిగి ముందుగా కోట చూశాం. కాకతీయుల కాలంలో, 1294లో, కోట కట్టిన సంగతి చెప్పే శాసనం అక్కడ సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే రాతి మీద ఉంది. దాని పక్కనే ఓ చిన్న బొమ్మ చెక్కారు. ఆ బండరాయిని చక్రాల బండి మీద పెట్టి దున్నపోతుల బారు లాగుతుంటే, వెనక మనుషులు దూలాలతో చక్రాలను ఎగదోస్తున్నారు. “లాగేవాటితో పాటు వెనక కాసుకునేవాళ్ళనూ చెక్కారు చూశారా?” అంది మా ఆవిడ. ఆ మాట ఆ సాయంత్రం దాకా నన్ను వదల్లేదు.

రాయచూరు నుంచి మాన్వి మీదుగా సింధనూరుకు బస్సులో సుమారు 90 కిలోమీటర్లు. మాన్వి దాటాక కాలవలు, వరి కళ్ళాలు, రైసు మిల్లులు కనిపిస్తుంటే కృష్ణా జిల్లాలో ఉన్నామా అనిపిస్తుంది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలవకు నీరొచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్ళు ఇక్కడికి తరలి వచ్చి నల్లరేగడి భూములు కొన్నారు. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. 1956లో కన్నడ సీమలో కలిసింది. తాత్కాలికంగా వేసుకున్న పాకలే ఊళ్ళయ్యాయి. పక్కా మేడలు లేచినా వాటిని నేటికీ “క్యాంపు” అనే అంటారు.

మేము వెళ్ళిన క్యాంపులో ఒక పెద్దాయన ఉన్నారు. నా చేతి మీదుగా మొదటి ట్రాక్టరు అప్పు తీసుకున్న రైతు. “రండి మేనేజరు గారూ, చెన్నాగిద్దీరా? అమ్మగారు బాగున్నారాండీ?” అంటూ రెండు భాషల్లోనూ ఆహ్వానించారు. అరుగు ముందు ట్రాక్టరు, వెనక ఖాళీ తొట్టి. తండ్రీ కొడుకుల మధ్య పంచాయితీ జోరుగా సాగుతోంది. బండికి వెనక టైర్లు అరిగిపోయాయి. ఏవి వెయ్యాలి?

“బాబాయిగారూ, మీరే చెప్పండి. 16.9 వేద్దామంటే నాన్న ఒప్పుకోరు,” అన్నాడు అబ్బాయి. టైరు మీద 13.6-28 అని ఉంటే మొదటి అంకె వెడల్పు, రెండోది రిమ్ము అడ్డకొలత, రెండూ అంగుళాల్లో. ప్రస్తుతం ఉన్నవి 13.6. వెడల్పు టైరు నల్లరేగడిలో తక్కువ దిగబడుతుంది, పట్టు ఎక్కువ. పెద్దాయన మాత్రం పాత టైర్లు దొరికితే చాలంటారు. రెండో పంటకు కాలవ నీరు అందని ఏడు ట్రాక్టరు బాడుగే వాయిదా కడుతుంది. కొత్త ఖర్చు ఎందుకని ఆయన వాదన.

మెకానిక్ షెడ్డు మేస్త్రీ ఇద్దరినీ ఆపాడు. “దమ్ముకి ఎలాగూ ఇనుప చక్రాలు తగిలిస్తారు. టైరుకి అసలు పరీక్ష కాలవ గట్టు మీదా, రోడ్డు మీదా. పెద్ద టైరు వేస్తే ఇరుసు లేస్తుంది, దాంతో కొక్కెమూ లేస్తుంది. కొక్కెం ఎంత పైనుంటే, ఎగువకి లాగేటప్పుడు ముందు చక్రాలు అంత తేలికవుతాయి. స్టీరింగు తిప్పినా బండి తిరగదు,” అన్నాడు.

ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమంది. 1999లో సరిగ్గా ఇదే జరిగింది. అప్పటి కొటేషనులో ట్రాక్టరు ముందు తగిలించే ఇనుప బరువులు ఉన్నాయి. “ఇవి అలంకారం కదా” అనుకుని నేనే ఎర్ర సిరాతో కొట్టేశాను. అప్పు కాస్త తగ్గించానని సంతోషించాను కూడా. ఆ ఏడు ధాన్యం బస్తాలతో పొలం నుంచి గట్టు ఎక్కుతుంటే ముందు చక్రాలు లేచి, బండి పక్కకు ఒరిగింది. నడుపుతున్న పెద్దాయన తమ్ముడి కాలు విరిగింది. అప్పు మాత్రం ఒక్క వాయిదా తప్పకుండా తీరింది. మా లెడ్జరులో ఆ కాలికి కాలమ్ లేదు.

ఇన్నేళ్ళూ మింగలేక, కక్కలేక ఉన్న ఆ సంగతి అరుగు మీద చెప్పేశాను. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “మీరు కొట్టేశారు, నిజమేనండి. బస్తాలన్నీ తొట్టి ముందుకి పేర్చింది మేము. రెండు చక్రాల తొట్టికి బరువు ముందుకెక్కితే కొక్కేన్ని నొక్కేస్తుందని మాకు మాత్రం ఎవరు చెప్పారండీ?” అన్నారు. క్షమించారో, ఓదార్చారో నాకు తెలియలేదు.

చివరికి తేలిందిది. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకం ఒప్పుకున్న 14.9-28 టైర్లు కొత్తవి వెయ్యాలి, అంతకు మించొద్దు. వాటిలో ముప్పావు వంతు నీళ్ళు నింపితే వెనక పట్టు పెరుగుతుంది. కానీ ఆ నీళ్ళు ముందు చక్రాలను కిందికి పట్టుకోవు. అందుకని ముందు ఇనుప బరువులు విడిగా ఉండాల్సిందే. పెరిగిన అంగుళం మేరకు కొక్కేన్ని దించి, బరువుతో ఉన్నప్పుడు తొట్టి సమంగా నిలిచేట్టు చూడాలి. బస్తాలు ఇరుసుకు అటూ ఇటూ సర్ది, ముందువైపు కొంచెమే మొగ్గు ఉంచాలి. గాలి పొలంలో తక్కువ, రోడ్డు మీద ఎక్కువ. తొట్టికీ అరగని టైర్లే ఉండాలి.

మర్నాడు టైర్లు మార్చారు. బస్తాలెక్కించాక తొట్టి ఎత్తు కొలవడానికి టేపు పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? కొద్దిగా కుంటుతూ ఆ తమ్ముడుగారే! ముందు కొలిచారు, వెనక కొలిచారు. “సమంగా ఉంది, పోనియ్యరా,” అన్నారు అన్న కొడుకుతో. బండి గట్టు ఎక్కేదాకా ఆయన వెనకే నడిచారు. నేనూ నడిచాను.

బయటి ఊళ్ళలో ఉంటున్న మనలో చాలామందికి స్వగ్రామంలో ఒక ట్రాక్టరు, దానికో అప్పు ఉంటాయి. డబ్బు పంపేటప్పుడు ధర ఒక్కటే అడక్కండి. ముందు బరువులు ఉన్నాయా, తొట్టి సమంగా ఉందా అని కూడా ఒక్క మాట అడగండి.