లెక్కకెక్కని ఆట

మా నాన్నగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ చేరి, ఉక్కు కర్మాగారంలో కుదురుకున్నారు. మేము కద్మాలో పెరిగాము. రాబోయే ఊరిలో ఫుట్‌బాల్‌కూ, హాకీకీ విశాలమైన స్థలాలు విడిచిపెట్టమని జంషెట్‌జీ టాటా 1902లోనే తన కుమారునికి లేఖ వ్రాశారు. ఆ పుణ్యమేమో గాని, మా వీధి పిల్లలకు మైదానాల కొరత ఎన్నడూ లేదు.

మా అన్నయ్య స్టాపర్. అంటే గోలు వేసేవాడు కాడు, వేయబోయేవాణ్ణి ఆపేవాడు. అతని పెట్టె మూతకు లోపలి వైపున జర్నైల్ సింగ్ బొమ్మ అంటించి ఉండేది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో తలకు కుట్లు పడిన ఆ స్టాపర్‌ను హైదరాబాదీ శిక్షకుడు రహీమ్ సాహెబు ముందువరుసలో ఆడించారు. దక్షిణ కొరియాపై ఫైనల్లో ఆయన గోలు చేశాడు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఎన్నో గోళ్లను ఆపిన మనిషిని లోకం ఎక్కువగా తలచుకునేది ఆ ఒక్క గోలుతోనే! అమెరికా వారి ఫుట్‌బాల్‌లోనూ ఇదే తంతు. బంతి విసరబోయే ఆటగాణ్ణి రక్షణ వరుసలోని ఏ భారీకాయుడు ఎన్నిసార్లు నేలకూల్చాడన్నది 1982 వరకు అక్కడి జాతీయ లీగు అధికారికంగా లెక్కించనే లేదు.

1979 వర్షాకాలం. ఒక పోటీలో రాణిస్తే ఉద్యోగం దొరుకుతుందని అన్నయ్యకు ఎవరో ఆశ పెట్టారు. నాలుగు రోజుల ముందు అతని మోకాలు వాచింది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో ఉప్పు వేయించి, మూటకట్టి కాపడం పెట్టుకునేవాడు. దీపం పట్టుకున్నది నేనే.

“ఒరే, అమ్మతో అనకు” అన్నాడు. నేను అనలేదు.

ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు, ఒంటరిగా దూసుకువస్తున్న ఫార్వర్డు కాళ్లముందుకు జారి బంతిని బయటికి తన్నాడు. బంతి వెళ్లింది. అన్నయ్య లేవలేదు. మా జట్టు 1-0తో గెలిచింది. మరునాడు పత్రికలో గోలు కొట్టినవాని పేరొక్కటే పడింది. ఉద్యోగమూ అతనికే దక్కింది.

“నీకు ముందే తెలుసా?” అని అమ్మ నన్నడిగింది. తెలియదన్నాను.

టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో ఆరంభమైంది. మహేశ్ గావ్లీ, దీపక్ మండల్ వంటి మేటి రక్షకులు అక్కడ తీర్చిదిద్దబడ్డవారే. అకాడమీ తెరిచేనాటికి అన్నయ్యకు ముప్పయ్యేళ్లు. సాక్చీ బజారులో ఒక కొట్లో పద్దులు వ్రాస్తున్నాడు. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కేవాడు.

జంషెడ్‌పూర్ జట్టు ఐ.ఎస్.ఎల్.లోకి వచ్చిన 2017 నుంచి మేమిద్దరం జె.ఆర్.డి. టాటా క్రీడా ప్రాంగణానికి వెళుతున్నాము. చుట్టూ ఉన్నవారు బంతిని చూస్తారు. అన్నయ్య స్టాపర్ పాదాలను చూస్తాడు. ఒక సాయంత్రం విరామంలో, అమ్మ పోయిన ఇన్నేళ్లకు, ఆనాటి నా అబద్ధాన్ని అతనితో చెప్పాను. నేను నోరు విప్పి ఉంటే ఆ కాలు దక్కేదేమోనని కూడా అన్నాను.

అన్నయ్య వేరుశనగ పొట్టు దులుపుకున్నాడు.

“అమ్మకు తెలుసులేరా. నాలుగు రాత్రుల్లో ఉప్పు జాడీ సగానికి దిగితే ఇల్లాలికి తెలియదా? ఆటనాడు ప్రొద్దున్నే నా మోకాలికి గుడ్డ చుట్టింది ఎవరనుకున్నావు?”

నేను తేరుకునేలోగా ఆట మళ్లీ మొదలైంది. “చూడు, ఆ పిల్లవాడు మరీ ముందుకు వెళ్లిపోతున్నాడు” అంటూ అన్నయ్య లేచి నిలబడ్డాడు.