అందఱి ప్రయాణము

ఊరు విడిచి ఒక్క దినము వెలుపల గడపి వచ్చుట చిన్న పనిగా కనబడును. కాని అందులకు పూనుకొన్న ఇంటివారికి అది ఎంత పనియో తెలియును. చూడదగినది ఏది? ఎంత దూరము? ఎండ ఎప్పటికి ముదురును? భోజనము ఎచ్చట? ఎవరు నడువగలరు, ఎవరు నడువలేరు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొన్న పిమ్మటనే బండి కదలవలెను. ప్రయాణములోని సుఖదుఃఖములు సగము ఇంటియొద్దనే నిర్ణయమగును.

గుంటూరు పట్టణమున బ్రాడీపేటలో ఒక కుటుంబము గలదు. తాతగారు, నాయనమ్మ, కుమారుడు, కోడలు, పదుమూడేండ్ల మనుమడు, పదేండ్ల మనుమరాలు, మొత్తము ఆఱుగురు. ఒక సంక్రాంతి సెలవులలో వారు ఆరుబయట నెలకొన్న మహాశిల్పములను చూచి రావలెనని తలచిరి. రాత్రి భోజనములైన పిదప అందఱును వసారాలో కూర్చుండి ఆలోచింపసాగిరి.

మనుమడు నాగార్జునసాగరమునందలి బుద్ధవనమును కోరెను. 274 ఎకరముల విస్తీర్ణముగల ఆ వనము 2022వ సంవత్సరము మే 14వ తేదీన ప్రారంభింపబడినది. అందు బుద్ధుని జీవితఘట్టములకు ఒక భాగము, జాతక కథలకు ఒక భాగము, ధ్యానమునకు ఒక భాగము, స్తూపముల నమూనాలకు ఒక భాగము కలవు. అమరావతి స్తూపమును తలపించు మహాస్తూపము కూడ అచ్చట నిర్మింపబడినది. “తాతయ్యా, చూచినచో అదియే చూడవలెను” అని బాలుడు పట్టుపట్టెను.

తాతగారు కాగితము తీసి లెక్క వ్రాసిరి. గుంటూరునుండి పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా సాగరమునకు సుమారు 140 కిలోమీటర్లు. రాకపోకలకే ఉదయము, సాయంకాలము ఖర్చగును. మిగిలిన ప్రొద్దులో అంత వనమును చుట్టివచ్చుట పరుగుపందెమగును గాని విహారము కాదు. “అది రెండు దినముల ప్రయాణము, నాయనా. మఱియొకమారు పోదము” అనిరి.

కుమారుడు ఉండవల్లి పేరు చెప్పెను. కృష్ణకు దక్షిణపు గట్టున, కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా మలచిన గుహాలయమది. అందు శేషునిపై పవ్వళించిన అనంతపద్మనాభుని విగ్రహము ఆ కొండరాతియందే చెక్కబడినది. దూరము తక్కువయే. కాని ఆ స్వామి పై అంతస్తున నున్నాడు, మెట్లు ఎక్కవలెను. అంతవఱకు మాటలాడక ప్రత్తివత్తులు చేయుచున్న నాయనమ్మ, “మీరందఱు వెళ్లి రండు. నేను ఇంటికడ ఉందును. కారులో ఐదుగురికే గదా చోటు!” అనెను.

ఈ మాట ఆ యింటికి క్రొత్త కాదు. ప్రతి ప్రయాణమునకు ముందును ఆమె ఇట్లే అనును. తెల్లవాఱుజామున మూడు గంటలకే లేచి పులిహోర కలిపి, పెరుగన్నము సర్ది, వాకిట నిలిచి అందఱిని సాగనంపును. ఆమెకు మోకాళ్ల నొప్పులున్న మాట నిజము. కారులో ఆఱవ చోటు లేదనుటయు నిజము. రెండును నిజములగుటచేత ఎవరును మాఱు పలుకకపోయిరి. ఆ రాత్రి మాత్రము మనుమరాలు, “నాయనమ్మా, నీకు చూడవలెనని లేదా?” అని అడిగెను.

ఆమె చేతిలోని వత్తి ఆగెను. “పెండ్లియైన యేడు మీ తాతయ్య అమరావతికి తీసికొనిపోయి అమరేశ్వరుని దర్శనము చేయించిరి. ఇప్పుడచ్చట పెద్ద బుద్ధుడు వెలసినాడట” అని మాత్రము పలికెను.

తాతగారు ఆ కాగితమును మడచి మఱియొకటి తీసిరి. అంతవఱకు వారు దూరమును, కాలమును, వ్యయమును లెక్కించిరి. అందఱికంటె మెల్లగా నడచువారి నడకను లెక్కింపలేదు. క్రొత్త లెక్క దానితోనే మొదలయ్యెను.

అమరావతి సుమారు 35 కిలోమీటర్లు. ఇంచుమించు గంట ప్రయాణము. “నేనును తాతయ్యయు బస్సులో వత్తుము. నాయనమ్మ కారులో ముందు సీటున కూర్చుండవలెను” అని మనుమడే దారి చూపెను. బుద్ధవనము సంగతి అతడు మఱల ఎత్తలేదు. శుక్రవారము పోవుదమని అనుకొనగా, పురావస్తుశాఖవారి ప్రదర్శనశాలకు ఆ దినము సెలవని కోడలు గుర్తుచేసెను. ప్రయాణము శనివారమునకు మాఱెను. ఎండ ముదురకముందు విగ్రహము, మధ్యాహ్నము నీడపట్టున ప్రదర్శనశాల చూడవలెనని నిశ్చయించిరి. పులిహోరకు పులుసు ముందురాత్రియే కుమారుడు ఉడికించుట, విస్తళ్లును నీళ్లసీసాలును పిల్లలు సర్దుట, మడతకుర్చీ మఱవకుండ కారులో పెట్టుట తాతగారి వంతు. నాయనమ్మకు మిగిలిన పని ఉప్పు చాలినదో లేదో చూచి చెప్పుటయే.

అనుకొన్నట్లే శనివారము బయలుదేఱిరి. ప్రత్తి, మిరప వంగడములకు పేరొందిన లాం పరిశోధనా క్షేత్రము దాటి, తాడికొండ మీదుగా త్రోవ సాగెను. ఇరుప్రక్కల నల్లరేగడి చేలలో ప్రత్తి తెల్లగా విచ్చుకొనియుండెను, మిరపచేలు ఎఱ్ఱబాఱుచుండెను.

అమరావతిలో కృష్ణాతీరమున నాలుగున్నర ఎకరముల స్థలమున ధ్యానబుద్ధుడు కొలువైయున్నాడు. 2015లో పూర్తియైన ఆ విగ్రహము ఎత్తు 125 అడుగులు. పద్మపీఠమును మోయు ఎనిమిది స్తంభములు అష్టాంగమార్గమునకు గుర్తులు. పిల్లలు మెట్లెక్కి దగ్గఱకు పోయిరి. నాయనమ్మ క్రిందనే నీడలో కుర్చీ వేయించుకొని కూర్చుండెను. కొంతసేపటికి మనుమడు దిగివచ్చి, “దగ్గఱనుండి మోకాళ్లే గాని మొగము సరిగా కనబడలేదు” అనగా ఆమె నవ్వి, “నాకు ఇక్కడినుండి కన్నులు మూసికొన్న తీరు కూడ తెలియుచున్నది” అనెను. కొండంత విగ్రహమును చూచుటకు ఎక్కుట కంటె ఎడముగా నిలుచుటయే మేలని బాలునకు అప్పుడు తెలిసెను.

మధ్యాహ్నము వారు ప్రదర్శనశాలకు పోయిరి. అచ్చటి శిల్పములు పల్నాటి సున్నపురాతిపై చెక్కినవి; వానిలో కొన్ని రెండువేల యేండ్లనాటివి. మహాస్తూపము శిథిలము కాగా దాని రాళ్లను జనులు కట్టడములకు తరలించుకొనిపోయిరి. 1816లో కాలిన్ మెకంజీ మిగిలినవానికి చిత్తరువులు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించెను. తరువాత ఎన్నో ఫలకములు మద్రాసునకు, లండనునకు చేరినవి. మిగిలిన ముక్కలే ఇచ్చట కలవు.

ఒక ఫలకముపై ఖాళీ సింహాసనము, దానిక్రింద రెండు పాదముద్రలు, ఇరువైపుల చేతులు జోడించిన జనులు ఉండిరి. “ఎవరును లేని పీటకు వీరేల మ్రొక్కుచున్నారు?” అని మనుమరాలు అడిగెను. తాతగారు, “తొలినాళ్ల శిల్పులు బుద్ధుని మనుష్యరూపమున చెక్కలేదు, తల్లీ. ఆసనమును, పాదములను చెక్కి, ఆయన ఇచ్చటనే యున్నాడని చూచువారే తెలిసికొనునట్లు చేసిరి” అని చెప్పిరి. బాలిక ఆ ఖాళీ ఆసనమును చాలసేపు చూచెను. పిమ్మట వెనుకకు పోయి, కోడలి చేయూతతో మెల్లగా వచ్చుచున్న నాయనమ్మ రెండవ చేయి పట్టుకొనెను.

విహారయాత్రకు పెద్ద వనము, పెద్ద విగ్రహము, పెద్ద సొమ్ము ఉండవలెనని కొందఱు తలంతురు. ఇవి ఉన్న మంచిదే. కాని “నేను ఇంటికడ ఉందును” అనువారి మాట వెనుక ఏమున్నదో ఒక్కసారి అడిగి తెలిసికొనుట అన్నిటికంటె ముందు చేయవలసిన ఏర్పాటు. మెల్లగా నడచువారితో అడుగు కలిపి సాగిన ప్రయాణమున ఎవరికిని ఏదియు తక్కువ కాదు. చూడవలసినది మఱింత నిదానముగా, మఱింత బాగుగా కనబడును.