తోలు ఒలిచిన చెయ్యి ఏది?

లక్ష్మా గౌడ్ బొమ్మల్లో మేక మళ్లీ మళ్లీ వస్తుంది. ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టాడు. హైదరాబాద్‌లోనూ, ఆ తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గరా చదువుకున్నాడు. ఆయన ఎచింగుల్లో మేక ఆడామగా మధ్య, మనిషంత దర్జాగా నిలబడుతుంది. దాన్ని కామానికి గుర్తుగా చూస్తారు. కాదనను. కానీ మా పేటలో మేకంటే ముందు డబ్బు. మా అమ్మ మేకపోతుని అమ్మితేనే నా డిగ్రీ ఫీజు కట్టాం.

ఇది బతికున్న మేక సంగతి. మరి చచ్చిన పశువు?

చచ్చిన పశువుల్ని పదేపదే గీసినవాడు పారిస్‌లో బతికిన సూటీన్. బెలారుస్ నుంచి వెళ్లిన పేద యూదుడు. కోళ్లు, కుందేళ్లు, చేపలు, అన్నీ చచ్చినవే గీశాడు. 1925 ప్రాంతంలో స్టూడియోలో ఎద్దు కళేబరాన్ని వేలాడదీసి, ఎండిపోతుంటే రక్తం పోస్తూ బొమ్మలు వేశాడు. కంపు భరించలేక ఇరుగుపొరుగు గొడవ చేశారు. మనం నిశ్చల చిత్రం అనేదాన్ని ఫ్రెంచివాళ్లు 'చచ్చిన ప్రకృతి' అంటారు.

ఆ కంపు సూటీన్‌కి కొన్నాళ్లు. మా తాతకి జీవితమంతా. ఊళ్లో గొడ్డు చస్తే కబురు మా ఇంటికే వచ్చేది. "సినగకుండా ఒలవడం కూడా సదువేరా" అనేవాడు తాత. ఆయన ఒలిచిన తోలు ఊరికి చెప్పైంది, డప్పైంది. డప్పు ఊరేగింపుకి ముందు నడిచింది. తాత గుడి మెట్ల కిందే ఆగిపోయాడు.

సూటీన్ ఎద్దుకి చర్మం లేదు. ఎవరో ఒలిచారు. ఆ చెయ్యి బొమ్మలో లేదు. మన దేశంలో ఆ చేతికి కులం కూడా ఉంది.

1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నది ఆ కులం ముద్ర చెరిపెయ్యడానికే. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు మనవాళ్లని నడిరోడ్డు మీద కొట్టారు. అప్పుడు సురేంద్రనగర్‌లో దళితులు కళేబరాల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. మీ గొడ్డు, మీరే ఎత్తుకోండి అని.

నాకు ఈ దేశపు అసలైన నిశ్చల చిత్రం అదే. అందులో పశువు చచ్చిపడి ఉంది. ఒలవాల్సిన చెయ్యి మాత్రం పిడికిలి బిగించింది. ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దాన్ని మీరు గియ్యాలి.

జై భీమ్.