అమ్మాయి సైకిలు దీపం

మా నాన్నగారి కాలంలో దీపం లేకుండా రాత్రిపూట సైకిలెక్కితే పోలీసు జవాను చెయ్యి అడ్డం పెట్టేవాడట. జరిమానాకి జడిసి జనం హ్యాండిలుకు కిరసనాయిలు దీపాలు తగిలించుకునేవారు. తరువాత డైనమోలు వచ్చాయి. చక్రాన్ని ఒరుసుకుంటూ తిరిగే ఆ బుడ్డి ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లు. తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. ఇప్పటి సైకిళ్ళకు గేర్లుంటాయి, నీళ్ళసీసాకు చోటుంటుంది. దీపం మాత్రం మనమే విడిగా కొనుక్కోవాలి.

ఈ గొడవంతా ఎందుకంటారా? మా అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది. సాయంత్రం లెక్కల ట్యూషను. తిరిగొచ్చేది కాలవగట్టు మీద మూడు కిలోమీటర్లు. స్తంభాలున్నాయి గాని వాటికి దీపాలు లేవు. కార్తికమాసంలో ఆరింటికే చీకటి. ఒకనాడు ఇటుకల ట్రాక్టరు మీది మీదికి వచ్చిందని అమ్మాయి చెప్పీచెప్పకుండా చెప్పింది.

"ఏమండీ, లెక్కలు రాకపోతే పోయె. రేపట్నుంచి మాన్పించండి" అంది మా ఆవిడ. అమ్మాయి అన్నం కలుపుతున్నదల్లా ఆగిపోయింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

కొట్లో మంచి దీపం తొమ్మిది వందలన్నారు. నెలాఖరు. జేబులో రెండు వందలు.

మా వీధి చివర సెల్‌ఫోనులు బాగుచేసే కుర్రాడు నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. "మాస్టారూ, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉంది, అరవై ఇవ్వండి" అన్నాడు. డొప్ప విప్పితే లోపల ఆరు సెల్లులు. వీటిని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, అంతే ఆ అంకె మర్మం. బ్యాటరీ పోయిందంటే ఆరూ పోయినట్టు కాదు. ఒకటో రెండో చెడి తక్కినవాటినీ పనిచెయ్యనివ్వవు. ఉమ్మడి కుటుంబాల్లో చూడమూ! కుర్రాడు మీటరు పెట్టి, 2 వోల్టులకు దిగజారిన రెంటినీ పక్కన పడేశాడు. అలాంటివాటికి మళ్ళీ ఛార్జి ఎక్కిస్తే నిప్పంటుకోవచ్చు. అక్కడ పొదుపు కూడదు.

దీపం ఒక వాటు ఎల్‌ఈడీ. తెల్లగా వెలుగుతుంది గాని లోపలున్నది నీలం దీపం; పైన పసుపురంగు పూత. రెండు వెలుగులూ కలిసి మన కంటికి తెలుపనిపిస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీ సాధించినందుకు 2014లో ముగ్గురికి నోబెల్ బహుమానం వచ్చింది. మా కుర్రాడు దాన్ని ఇరవై రూపాయలకిచ్చాడు.

సెల్లు నిండుగా ఉంటే 4.2 వోల్టులు, దీపానికి కావలసింది 3.2 దరిదాపు. అందుకని మధ్యలో 3.3 ఓముల రెసిస్టరు. వేడి లాగడానికి వెనక పాత కిటికీ తాలూకు అల్యూమినియం ముక్క. ఛార్జి ఎక్కువైనా, మరీ తగ్గినా కట్టేసే చిన్న బోర్డు నలభై. సెల్లుకు నేరుగా టంకం పెడితే ఆ వేడికి పాడవుతుంది, కనుక హోల్డరు కొన్నాను. పాత టార్చి తలకాయ, పీవీసీ గొట్టం ముక్క ఇంట్లోవే. హ్యాండిలుకు బిగించడానికి పాత ట్యూబు.

రాత్రి వీధిలో పరీక్ష. మా ఆవిడని ఎదురుగా నడిచి రమ్మన్నాను.

"కళ్ళు బైర్లు కమ్ముతున్నాయండీ! ఎదురొచ్చేవాడు దాన్నే గుద్దుతాడు" అని, లోపలికెళ్ళి ఖాళీ పౌడరు డబ్బా తెచ్చింది. దాని రేకు కత్తిరించి టార్చి పైన చూరులా వంచాను. తల కాస్త కిందికి దించాను. వెలుగు అయిదారు మీటర్ల దూరంలో రోడ్డు మీద చాపలా పరుచుకుంది. గుంట దాని నీడతో సహా కనిపిస్తోంది. ఈ చూరు సంగతి తొమ్మిది వందల దీపానికి ఉందో లేదో మరి!

ట్రాక్టరు వచ్చింది వెనకనుంచి. అందుకని అదే సెల్లు నుంచి తీగ లాగి, 100 ఓములతో చిన్న ఎర్ర దీపం సీటు కింద పెట్టాను. స్విచ్చితో సహా అంతా కలిపి నూట అరవై అయిదు.

మర్నాడు సాయంత్రం మా ఆవిడ ట్యూషను మాటెత్తలేదు. "దీపం వేసుకున్నావుటే?" అని మాత్రం అడిగింది. వారం తిరక్కుండా అమ్మాయి స్నేహితురాళ్ళిద్దరు మా దీపం వెనకే రావడం మొదలెట్టారు. వాళ్ళ సైకిళ్ళకూ దీపాలు లేవు.

సెల్లులు ఇంకా మూడున్నాయి. మా ఆవిడ పక్కింట్లో పౌడరు డబ్బాలు అడిగి వచ్చింది.