పెనుకొండ బాట

1565వ సంవత్సరమున రాక్షసి తంగడి యుద్ధము జరిగిన పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ, నేడు కార్లకు పుట్టినిల్లయినది. అనంతపురము జిల్లాలో నుండిన యీ పట్టణము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. సమీపమున ఎఱ్ఱమంచి కడ కొరియా దేశపు కియా సంస్థవారు నెలకొల్పిన కర్మాగారమునుండి 2019 ఆగస్టులో తొలి కారు వెలువడెను. ఏటికి 3,00,000 కార్లు చేయగల శక్తితో దానిని నెలకొల్పిరి.

మేము ఆ త్రోవన పోవునపుడు ఒక ప్రక్క వానకై యెదురుచూచు వేరుసెనగ చేలు, మఱియొక ప్రక్క బారులు తీర్చిన క్రొత్త కార్లు కనబడినవి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ యిది. శ్రీశైలమునుండి హంద్రీ-నీవా కాలువ వెంట గొల్లపల్లి జలాశయమునకు వచ్చు కృష్ణాజలమే కర్మాగారమునకును ఆధారము. కఱవునకు బెంగళూరు వలసపోవు ఇండ్ల బిడ్డలకు ఊరి చెంతనే పని దొరకుట సంతోషమే.

అయినను సోదరీమణులారా, మన యాడుబిడ్డలకు బడి దూరమును తగ్గించినది సైకిలే గాని కారు గాదు. బీహారులో 2006లో బాలికలకు సైకిళ్లిచ్చు పథకము మొదలుకాగా ఉన్నత పాఠశాలలలో వారి సంఖ్య పెరిగెను. మన రాష్ట్రమునను ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. కారుగల యింట తాళపుచెవి తఱచుగా మగవారి చేత నుండును. సైకిలు మాత్రము అమ్మాయిదే.

మా వారి పాఠశాలకు వచ్చు బాలికలు 44వ జాతీయ రహదారి యంచున సైకిలు దిగి, కార్ల వరుస తెగువఱకు నిలిచియుందురు. కార్లకింత వెడల్పు బాట వేసిన చోట, వారికొక మూర వెడల్పు బాట వేయరాదా? గ్రామసభలో ఈ మాట మనమే యడుగవలెను.